పిల్లికి తెలిసిన పేరు

పాతికేళ్ల పాటు బస్టాండు మైకులో మాట్లాడిన మనిషిని ఒక పిల్లి పూచికపుల్ల పాటి కూడా లెక్కచేయకపోవడంతో మొదలైంది ఇదంతా.

ఆవిడను బస్టాండులో అందరూ మైకమ్మ అనేవారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. "ఏడో నంబరు ప్లాట్‌ఫారం మీదున్న బస్సు మరికొద్ది సేపట్లో బయలుదేరును" అని ఆవిడ అన్నదంటే, బెంచీల మీద కునికిపాట్లు పడుతున్నవాళ్లు ఉలిక్కిపడి లేచి సంచులు తడుముకునేవారు. రిటైరయ్యాక మైకు పోయింది గానీ గొంతు పోలేదు. మేడ మీద నుంచి కూరల బండిని పిలిస్తే, వీధి మలుపు తిరిగిపోయినవాడు కూడా బండి వెనక్కి తిప్పుకుని వచ్చేవాడు. ఫోను చేస్తే అవతలివాళ్లు చెవికి జానెడు దూరంలో పెట్టుకుని వినేవారు.

అంత గొంతున్న మనిషికి ఒక్కగానొక్క కొడుకు. వాడికి పుట్టుకతోనే వినికిడి లేదు.

వాడు ఇప్పుడు పెద్దవాడయ్యాడు. సోఫాలకు స్పాంజీ పెట్టి బట్ట తొడిగే వర్క్‌షాపులో మంచి పనివాడు. తనలాగే వినికిడి లేని అమ్మాయిని ఇష్టపడి పెళ్లి చేసుకున్నాడు. కోడలు పళ్ల సెట్లు తయారుచేసే ల్యాబ్‌లో పనిచేస్తుంది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనుబొమ్మల మీద తెల్లటి ప్లాస్టరు పొడి ఉంటుంది. ఇద్దరూ వేరే ఊళ్లో, ఒక అపార్టుమెంటు మూడో అంతస్తులో కాపురం.

మైకమ్మ ఆ ఇంటికి ఎప్పుడు వెళ్లినా పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేసేది. "ఉండి ఏం చేస్తాను చెప్పు? ముగ్గురం మూడు మూలల కూర్చుని గోడలు చూడ్డమేగా" అనేది పక్కింటావిడతో. కానీ ఈసారి తప్పలేదు. వానలకు ఆవిడ ఇంటి పైకప్పు పెచ్చులూడి మంచం మీద పడింది. మేస్త్రీ వచ్చి చూసి, మొత్తం కొట్టేసి మళ్లీ వేయాలన్నాడు. "ఇక్కడికి రా" అని కొడుకు మెసేజ్ పెట్టాడు. ఒక సూట్‌కేసు, ఒక చేతిసంచి పట్టుకుని బస్సెక్కింది.

ఆ ఇంట్లో గంట కొడితే మోగదు, హాల్లో దీపం టపటపా వెలిగి ఆరుతుంది. పొయ్యి వెనక గోడకు అద్దం బిగించి ఉంటుంది, వెనకనుంచి ఎవరొస్తున్నారో కనబడటానికి. భోజనాల బల్ల గుండ్రంగా ఉంటుంది, దాని మధ్యలో ఏమీ పెట్టరు. ఇవన్నీ మైకమ్మ చూసింది గానీ ఎందుకని అడగలేదు. ఆవిడ చూపు సోఫా చేతి మీద కూర్చున్న బూడిదరంగు పిల్లి మీద పడింది. ఎడమ చెవి కొస కాస్త చినిగి ఉంది. వర్క్‌షాపులో స్పాంజీ ముక్కల కుప్పలో దొరికిందట.

"దీని పేరేంట్రా?" అంది కొడుకు భుజం తట్టి, వాడు తన పెదాలు చూసేలా.

కొడుకు రెండు వేళ్లు చెవి దగ్గర పెట్టి రెండుసార్లు మడిచాడు.

"అది కాదురా. పేరు, పేరు! పిలవడానికి ఒక పేరుండాలి కదా?"

"అదే," అన్నాడు వాడు నోటితో. వాడి నోటిమాట బయటివాళ్లకు అంతుబట్టదు గానీ ఆవిడకు ప్రతి ముక్కా అర్థమవుతుంది.

ఇదేం పేరు అనుకుని, మర్నాడు కొడుకూ కోడలూ పనికి వెళ్లగానే ఆవిడే ఒక పేరు పెట్టింది. "చిట్టీ!" అని పిలిచింది. పిల్లి కదల్లేదు. "చిట్టీ, ఇలా రావే!" చెవైనా తిప్పలేదు. తన సర్వీసులో బస్సులు తప్ప మాట వినని జీవి లేదు ఆవిడకు. పంతం వచ్చి, కడుపులోంచి గాలి తీసుకుని, "చిట్టీఈ!" అని ప్లాట్‌ఫారం గొంతుతో పిలిచింది. రెండో అంతస్తు బాల్కనీలోకి ఒకావిడ పరిగెత్తుకొచ్చి తల పైకెత్తి, "నన్నేనా అండీ?" అంది. పిల్లి మాత్రం కాలు చాపి, పంజా నాక్కుంటూ కూర్చుంది.

"ఓహో, ఇదీ చెవిటిదే అన్నమాట" అనుకుంది మైకమ్మ. "ఏరి కోరి తెచ్చుకున్నారు, ఇంటికి తగ్గట్టు." పిల్లి మీద కాస్త జాలి కూడా పడింది.

ఆ జాలి మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు. వంటింట్లో గిన్నె దించుతుంటే మూత జారి నేలమీద పడి ఖంగుమంది. హాల్లో నిద్రపోతున్న పిల్లి ఒక్క గెంతు గెంతి ఫ్రిజ్ మీదికెక్కి, ఒళ్లంతా ఉబ్బించి చూసింది.

మైకమ్మ మూత తీయడం మరిచిపోయి అలాగే నిలబడింది.

"ఓసి నీ! నీకు వినపడుతుందటే?"

పరీక్ష పెట్టింది. పక్కగదిలోకి వెళ్లి బ్రెడ్డు కాగితం గరగరలాడించింది. పిల్లి వచ్చేసింది. వరండాలో తాళాలు ఆడించింది. తల తిప్పింది. నోటితో మాట్లాడింది, బతిమాలింది, తిట్టింది. ఫ్యాను చప్పుడు ఎలాగో ఆవిడ మాట కూడా దానికి అలాగే. చెవులు బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి. మనిషి నోట్లోంచి వచ్చేది మాట అన్న సంగతే దానికి తెలియదు. ఇంకో విషయం కూడా అప్పుడే గమనించింది. ఆ పిల్లి అరవదు. ఏదైనా కావాలంటే ఎదురుగా వచ్చి నిలబడి, కళ్లలోకి చూసి, చప్పుడు లేకుండా నోరు తెరిచి మూస్తుంది. ఆ ఇంట్లో అరిచి లాభం లేదని ఎప్పుడో తెలుసుకుందేమో.

మైకమ్మ అప్పుడు గుర్తొచ్చి వంగి మూత తీసింది.

మర్నాడు పొద్దున పిల్లి వచ్చి చెంప మీద పంజా వేస్తే, దానికి ఆకలేసిందనుకుని విసుక్కుని తోసేసి లేచింది. కాఫీ కప్పు పట్టుకుని బల్ల దగ్గర కూర్చుని ఉండగా రెండో దెబ్బ తగిలింది. కోడలు చేపముక్కలు కడిగి పళ్లెంలో పెట్టింది. పిల్లి మెల్లగా బల్లెక్కింది. కోడలు దాన్ని తోయలేదు, అదిలించలేదు. దాని కంటికి ఎదురుగా వెళ్లి నిలబడి, అరచెయ్యి బోర్లించి కిందికి దించింది. పిల్లి మొహం ముడుచుకుని, 'సరేలే' అన్నట్టు దిగిపోయింది. కోడలు చెయ్యి ఇంకోరకంగా తిప్పింది. పిల్లి వెళ్లి కిటికీ గట్టు మీద కూర్చుంది. కోడలు గడ్డం కింద వేళ్లు ఆడించింది. అది ఒక్క దూకులో వచ్చి పాలగిన్నె దగ్గర నిలబడి పెదాలు నాక్కుంది.

మైకమ్మ చేతిలో కప్పు ఒరిగి కాఫీ ఒళ్లో పడింది. వేడి తెలిసేదాకా ఆవిడకు ఒలికిన సంగతి తెలియలేదు.

పిల్లికి మాటలు తెలుసు. ఈ ఇంటి మాటలు తెలుసు. తనకే తెలియదు.

అన్నేళ్లలో ఆవిడ వాటిని మాటలు అనుకోనే లేదు. 'చేతులాడించడం' అనేది. కొడుకు పసివాడిగా ఉన్నప్పుడు పెద్ద డాక్టరు చూసి ఒకటే చెప్పాడు: "సైగలు చేయనివ్వకండి. చేతులు అలవాటైతే ఇక నోరు తెరవడు." ఆవిడ ఆ మాట తు.చ. తప్పకుండా పాటించింది. రోజూ డ్యూటీకి వెళ్లే ముందు వాణ్ని అద్దం ముందు కూర్చోబెట్టేది. వాడి చేతులు వాడి తొడల కింద పెట్టించేది. తర్వాత ఒక అరచేతిని మాత్రం తీసి తన గొంతుకు ఆనించుకుని, "అమ్మా అను. అమ్మా" అనేది. వాడు నోరు తెరిచి గాలి వదిలేవాడు. ఏడ్చేవాడు. ఆవిడా ఏడ్చేది. మళ్లీ మొదలుపెట్టేది. ఏళ్ల తరబడి అదే పని. చివరికి ఒకరోజు వాడి గొంతులోంచి ఆ రెండక్షరాలు పడుతూ లేస్తూ బయటికొచ్చాయి. ఆ రోజు ఆవిడ డ్యూటీకి వెళ్లి, రెండు బస్సుల ప్రకటనల మధ్యలో, "మా అబ్బాయి ఇవాళ నన్ను అమ్మా అన్నాడు" అని మైకులో చెప్పేసింది. బస్టాండంతా చప్పట్లు. పైఅధికారి పిలిచి చీవాట్లు పెట్టాడు. ఆ చీవాట్లను కూడా ఆవిడ పతకంలా ఇన్నాళ్లూ దాచుకుంది.

ఆ మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు, దొంగతనం చేయబోయేదానిలా కిటికీ తెరలు లాగింది. పిల్లి సోఫా మీద కళ్లు సగం మూసి పడుకుని ఉంది. మైకమ్మ దాని ఎదురుగా నిలబడి, అటూ ఇటూ చూసి, రెండు వేళ్లు చెవి దగ్గర పెట్టి మడిచింది. ఒకసారి. ఇంకోసారి.

పిల్లి కళ్లు పూర్తిగా తెరుచుకున్నాయి. లేచింది, ఒళ్లు విరుచుకుంది, దిగింది, వచ్చి ఆవిడ కాళ్ల ముందు కూర్చుంది. కూర్చుని ఆవిడ మొహం వంక చూడలేదు, చేతుల వంక చూసింది. ఇంకేం చెబుతావు అన్నట్టు.

మైకమ్మ దాని ఎదురుగా నేలమీద చతికిలపడింది. ఎన్ని వేలమంది తలలెత్తి ఉంటారు ఆవిడ గొంతుకు! ఒక్కరి విషయంలోనూ ఇంత ఆశ్చర్యపడలేదు.

ఆ రోజునుంచి ఆవిడ పిల్లి దగ్గర చదువుకోవడం మొదలుపెట్టింది. కోడలు పొద్దున దాంతో ఏం చెబుతుందో ఓరకంట చూసేది, పగలు దానిమీద ప్రయోగించేది. అన్నీ సరిగ్గా వచ్చేవి కావు. ఒకసారి 'తిందువుగాని రా' అనబోయి ఏ వేలు ఎటు తిప్పిందో, పిల్లి ఆవిడ వంక అనుమానంగా చూసి, వెళ్లి తన ఇసుక తొట్టిలో కూర్చుంది. రాకపోయినా పాపం పెద్దావిడ చెప్పిందని కాసేపు ప్రయత్నం కూడా చేసింది. మైకమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది.

పిల్లి కోసం చేతులు గమనించడం అలవాటయ్యాక, మిగతా చేతులు కూడా ఆవిడ కంటపడటం మొదలైంది.

ఆ శనివారం సాయంత్రం, భోజనాలయ్యాక ముగ్గురూ బల్ల దగ్గరే ఉన్నారు. ఇదివరకైతే ఆవిడ టీవీ వైపు తిరిగేది. ఆ రోజు కొడుకునే చూస్తూ కూర్చుంది. వాడి చేతులు గాలిలో ఏదో కథ చెబుతున్నాయి. ఉన్నట్టుండి వాడు వర్క్‌షాపు యజమాని అయిపోయాడు: బొజ్జ, మీసం, బిగుసుకున్న మెడ. ఆ బొజ్జాయన కొత్త సోఫా మీద కూర్చున్నాడు. జిగురు ఆరలేదు. లేవబోయాడు, సోఫా కూడా వెనకాలే లేచింది. వాడి కనుబొమ్మలు, బుగ్గలు, భుజాలు, అన్నీ మాట్లాడుతున్నాయి. కోడలు కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వుతోంది, బల్ల గుద్దుతోంది, మధ్యలో తనూ అందుకుని ఏదో కలుపుతోంది. మైకమ్మకు వాటిలో ఒక్క సైగ కూడా తెలియకపోయినా ఆ బొజ్జాయన కళ్లకు కట్టాడు.

ఆవిడ దిమ్మెరపోయింది.

'మా వాడు మహా నెమ్మది. నోట్లో నాలుక లేనివాడు. అడిగితే తప్ప పలకడు.' చుట్టాలందరికీ ఇన్నాళ్లూ ఆవిడ చెబుతూ వచ్చింది అదే. వీడా నెమ్మది? వీడు వాగుడుకాయ! అచ్చం తనలాగే. ముప్ఫై నాలుగేళ్లు పెంచిన కొడుకు ఎలాంటివాడో ఆవిడకు ఆ సాయంత్రం తెలిసింది.

ఆ విస్మయంలోంచి తేరుకోకముందే ఇంకొకటి జరిగింది. కొడుకు మాటల మధ్యలో పిడికిలి నోటి ముందు పెట్టి, వెంటనే వేళ్లన్నీ బయటికి విప్పాడు. సోఫా మీద పిల్లి లేచింది. హాలంతా దాటి, నేరుగా వచ్చి మైకమ్మ పాదాల దగ్గర కూర్చుని తలెత్తి చూసింది.

యాదృచ్ఛికం అనుకుంది. కాసేపటికి కోడలు అదే సైగ చేసింది: పిడికిలి, విప్పిన వేళ్లు. వాళ్ల వైపు తిరిగి కూర్చున్న పిల్లి మళ్లీ ఆవిడ వైపు తిరిగి, పాదం మీద పంజా వేసింది.

మైకమ్మకు తెలిసిపోయింది. అది తన పేరు. వీళ్లు తనకొక పేరు పెట్టుకున్నారు. పిల్లికి తెలుసు, తనకు తెలియదు. పైగా నోటి ముందు పిడికిలి, తర్వాత బాంబు పేలినట్టు వేళ్లు! అంటే ఏమిటి? నోరుగలది అనా? గయ్యాళి అనా? ఆ సైగ చేసినప్పుడల్లా ఇద్దరూ నవ్వుతున్నారు. తను ఎదురుగా కూర్చుని ఉండగా, గుడ్డిదాని ముందు నవ్వుకున్నట్టు నవ్వుకుంటున్నారు. ఎంత ధైర్యం!

పొద్దున కొడుకు లేచి వచ్చేసరికి సూట్‌కేసు హాల్లో ఉంది. మైకమ్మ చెప్పులు వేసుకుని కుర్చీలో బిగుసుకుని కూర్చుంది.

"ఎక్కడికి?" అన్నాడు కొడుకు.

"మా చెల్లెలింటికి. కప్పు పని అయ్యేదాకా అక్కడే ఉంటాను."

"ఎందుకు?"

చెప్పడానికి నోరు తెరిచింది. ఆశ్చర్యం, అంత నోటికి మాట దొరకలేదు. ఉక్రోషంతో పిడికిలి బిగించి నోటి ముందు పెట్టుకుని, వేళ్లు విసురుగా విప్పింది.

"ఏంటిది? ఏమని నవ్వుకుంటున్నారురా మీరిద్దరూ నా గురించి?"

కొడుకు ఆవిడ పెదాలు చూడలేదు. ఆ ప్రశ్న వాడికి అందనే లేదు. ఆవిడ చేతినే చూస్తూ కొయ్యబారిపోయాడు. వంటింటి గుమ్మంలో కోడలు చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

"మళ్లీ," అన్నాడు వాడు.

"ఏంట్రా మళ్లీ?"

"చెయ్యి. మళ్లీ చెయ్యి. అది."

ఆవిడ కోపంగానే మళ్లీ చేసింది. కొడుకు వచ్చి ఆవిడ కుర్చీ ముందు నేలమీద కూర్చుండిపోయాడు. కళ్లు నిండిపోయాయి. వాణ్ని అలా చూసి ఆవిడ కోపం ఎటుపోయిందో పోయింది, కంగారు పుట్టుకొచ్చింది.

"ఏమైందిరా? తప్పు మాటా? బూతా?"

"ఎవరు నేర్పారు?"

"ఎవరు నేర్పుతారు నాకు ఈ ఇంట్లో? మీ పిల్లి నేర్పింది!"

కొడుకు నవ్వబోయి ఏడ్చాడు. మోచేత్తో మొహం తుడుచుకున్నాడు. నోటితో, చేత్తో, రెండింటితో కలిపి ముక్కలు ముక్కలుగా చెప్పాడు.

"అది నువ్వే. నీ పేరు. అమ్మ."

"అమ్మ అంటే ఇలాగేనా?"

"అందరికీ కాదు. నాకే. చిన్నప్పుడు నన్ను బస్టాండుకి తీసుకెళ్లేదానివి, గుర్తుందా? అద్దాల గది. నువ్వు లోపల, నేను బయట స్టూలు మీద. నువ్వు మైకు ఇలా పట్టుకుని," పిడికిలి నోటి ముందుకు తెచ్చాడు, "పెదాలు కదిపితే, బయట అంతమంది ఒక్కసారే తలెత్తేవాళ్లు." వేళ్లు విప్పాడు. అవి గదంతా పరుచుకున్నట్టు విచ్చుకున్నాయి. "అందరూ! ఎందుకో నాకు తెలిసేది కాదు. మా అమ్మ చాలా పెద్దది అనుకునేవాణ్ని. అందరి అమ్మల కన్నా."

మైకమ్మ కుర్చీ అంచుకు జరిగింది.

"చెవిటి పిల్లల బడి హాస్టల్లో అందరం మా అమ్మలకు పేర్లు పెట్టుకున్నాం. ఒకడి అమ్మకి జడ. ఇంకొకడి అమ్మకి బుగ్గ మీద మచ్చ. మా అమ్మ ఇది. బల్లకింద చెప్పుకునేవాళ్లం. వార్డెన్ చూస్తే వేళ్ల మీద కొట్టేది."

"ఇన్నేళ్ల నుంచీ ఉందా నాకీ పేరు?"

తలూపాడు.

"మరి నాకెప్పుడూ చెప్పలేదేంరా?"

కొడుకు కాసేపు ఆవిడ మొహంలోకి చూశాడు. వాడి కళ్లలో కోపం లేదు. అది ఉన్నా ఆవిడకు కాస్త తేలికగా ఉండేది.

"నువ్వు చేతులు కింద పెట్టమనేదానివి కదమ్మా."

చెంప మీద కొట్టినట్టయింది. ఆవిడకు ఇంకొక్కటి మిగిలింది పట్టుకోవడానికి. దాన్ని పట్టుకుని అడిగింది.

"నువ్వు నన్ను నోటితో పిలుస్తావుగా? అమ్మా అని. అంత కష్టపడి నేర్చుకున్నావు కదరా."

"అది నీ కోసం," అన్నాడు వాడు మెల్లగా. "నాకది వినపడదు కదా. గొంతులో గరగర, అంతే. లోపల నేను అనుకునేది ఇది." పిడికిలి మళ్లీ నోటి ముందుకు వెళ్లింది, వేళ్లు విచ్చుకున్నాయి. "దెబ్బ తగిలినా ఇదే, జ్వరం వచ్చినా ఇదే. కల్లో కూడా ఇదే."

మైకమ్మ తన కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని, అది ఎవరిదో అన్నట్టు చూసింది. బస్టాండంతటికీ చాటి చెప్పిన ఆ మాట కొడుకు చెవిని ఒక్కసారి కూడా తాకలేదన్న సంగతి ఆవిడకు తెలియక కాదు. తెలుసు. కానీ తెలిసిన సంగతే అప్పుడు కొత్తగా వచ్చి మీద పడింది. వాడు గొంతు చించుకుని ఆవిడ మాట నేర్చుకున్నాడు. వాడి మాట ఒక్కటి కూడా ఆవిడ నేర్చుకోలేదు. వాడు పిలుస్తూనే ఉన్నాడు ఇన్నాళ్లూ, ఆవిడే పలకలేదు.

కోడలు వచ్చి పక్కన కూర్చుని ఫోనులో టైపు చేసి చూపించింది. "అత్తయ్యా, రాత్రి మేం నవ్వింది మీ గురించే. అబద్ధం చెప్పను. మీరు చిట్టీ అని అరిస్తే, తన పేరూ చిట్టే కాబట్టి తననే అనుకుని బయటికొచ్చానని కిందింటావిడ నాకు మెసేజ్ పెట్టింది. అప్పట్నుంచి ఆపుకోలేకపోతున్నాం."

మైకమ్మ చదివింది. ముక్కు చీదుకుంటూనే ఫక్కున నవ్వింది.

"మరి ఈ పిల్లికి నా పేరెలా తెలుసు?" అని అడిగింది. కోడలికి పెదాలు అందకపోతే కొడుకు చేత్తో చెప్పాడు. కోడలు మళ్లీ టైపు చేసింది. ఆ ఇంట్లో పక్కగదిలో ఉన్నవాళ్లను కేకేసి పిలవలేరు. అందుకని పిల్లిని పంపుతారు. 'ఆయన దగ్గరికి వెళ్లు' అని చేత్తో చెబితే అది వెళ్లి ఆయన్ని పంజాతో తడుతుంది, వచ్చాక దానికో చేపముక్క. అత్తగారు వచ్చిన రోజునుంచీ రోజూ పొద్దున్నే 'అమ్మ దగ్గరికి వెళ్లు' అని పంపుతోంది, కాఫీ చల్లారకముందే లేస్తారని.

మైకమ్మ బిత్తరపోయింది. రోజూ పొద్దున చెంప మీద మెత్తగా తగిలే పంజా! దానికి ఆకలేసి వస్తోందనుకుంది. విసుక్కుని తోసేసింది కూడా. కోడలు తనను రోజూ పేరు పెట్టి పిలుస్తోందని ఎలా తెలుస్తుంది?

సూట్‌కేసు మళ్లీ లోపలికి వెళ్లింది.

ఆ మధ్యాహ్నమే కొడుకు స్నేహితులు వచ్చారు. పదిమంది దాకా, పిల్లలతో సహా. ఎవరికీ వినికిడి లేదు. నిశ్శబ్దంగా ఉంటుందనుకుంది ఆవిడ. తీరా చూస్తే పెళ్లివారి విడిదిలా ఉంది ఇల్లు. పిలవడానికి నేల మీద కాలితో తాటిస్తారు, బల్ల చరుస్తారు, దీపం ఆర్పి వెలిగిస్తారు. నవ్వితే పైకే, గట్టిగానే నవ్వుతారు. ఆ మధ్యలో మైకమ్మ ఒక్కతే ఎవరేమంటున్నారో తెలియక కూర్చుంది. అందరూ ఘొల్లుమని నవ్వినప్పుడు, ఒక్క క్షణం ఆగి, వాళ్ల మొహాలు చూసి, తనూ నవ్వింది. నవ్వుతూ ఉండగానే మొహం పాలిపోయింది. చుట్టాల ఇళ్లలో, పెళ్లిళ్లలో, తమ ఇంట్లో భోజనాల దగ్గర కూడా కొడుకు సరిగ్గా ఇలాగే నవ్వేవాడు. ఒక్క క్షణం ఆలస్యంగా. 'నెమ్మదస్తుడు' అనుకునేవారు అందరూ. ఆవిడే అనేది అందరికన్నా ముందు.

లేచి వెళ్లి కోడలి చెయ్యి పట్టుకుంది. "ఏమన్నాడు? నాకు చెప్పు. మళ్లీ చెప్పించు" అంది. కోడలు ఆ జోకు చెప్పినవాణ్ని ఆపి, మొదటినుంచీ మెల్లగా చెప్పమంది. వాడు చెప్పాడు. మైకమ్మకు సగమే అర్థమైంది. ఆ సగానికే నవ్వింది, ఈసారి నిజంగా.

చదువు బాహాటంగా మొదలైంది. కోడలు పళ్ల సెట్ల దగ్గర ఎంత పట్టుదలో ఇక్కడా అంతే. వేలు ఒక్క పిసరు పక్కకు పోయినా మణికట్టు పట్టుకుని సరిచేసేది. మైకమ్మ వేళ్లు బిరుసెక్కిపోయాయి, ఒక పట్టాన వంగేవి కావు. 'రేపు' అనబోయి 'ముసలి' అనేది. అర్థంకాకపోతే అలవాటు చొప్పున గొంతు పెంచేది. కొడుకు చెయ్యి పైకెత్తి చూపించి, "ఇది పెంచు" అనేవాడు. పిల్లి మాత్రం సోఫా చేతి మీద కూర్చుని అన్నీ చూసేది. తప్పు చేస్తే కదిలేది కాదు. సరిగ్గా చేస్తే లేచి వచ్చేది. అంత నిక్కచ్చి పరీక్షాధికారిని ఆవిడ ఎక్కడా చూడలేదు.

మేస్త్రీ ఫోను చేసి కప్పు పని పూర్తయిందన్నాక కూడా ఆవిడ ఇంకో వారం ఆగి వెళ్లింది.

ఇంటికెళ్లాక పక్కింటావిడ అడిగింది: "ఏమండీ, పిల్లికి నిజంగా మన మాట అర్థమవుతుందంటారా?"

"ఏమో, దానికి ఎంత అర్థమవుతుందో నాకు తెలీదు," అంది మైకమ్మ. "దానికన్నా నేను వెనకబడి ఉన్నానని మాత్రం తెలిసింది."

ఇదివరకు తల్లీకొడుకుల మధ్య మెసేజ్‌లే. 'తిన్నావా.' 'తిన్నాను.' 'ఆరోగ్యం?' 'బాగుంది.' ఇప్పుడు వాడే సాయంత్రం పూట వీడియో కాల్ చేస్తున్నాడు. ఆవిడ ఫోనును పంచదార డబ్బాకు ఆనించి, రెండు చేతులూ ఖాళీగా ఉంచుకుని కూర్చుంటుంది. ఒకరోజు ఊసుపోక, పొద్దున స్టూలెక్కి ఫ్యాను తుడిచానని చెప్పింది. అంతే, కొడుకు మొహం ఎర్రబడింది. చేతులు తెరంతా నిండిపోయాయి. పడితే ఎవరు దిక్కు అన్నాడో, నీకు బుద్ధుందా అన్నాడో, ఇంకా ఏమేమన్నాడో! వెనకనుంచి కోడలు వాడి భుజం పట్టుకుని ఆపబోతోంది. పుట్టిన దగ్గర్నుంచి వాడు తల్లిని ఒక్క మాట అనలేదు. ఇప్పుడు చూడు, ఎంత కోపం, ఎన్ని మాటలు, ఎక్కడ దాచుకున్నాడో అన్నీ!

మైకమ్మ కళ్లద్దాలు సవరించుకుని, ఫోను దగ్గరికి జరిగి, బిరుసు వేళ్లతో ఒక్కో సైగా పేర్చుకుంటూ చెప్పింది.

"మెల్లగా తిట్టరా. అందట్లేదు."